పడవ కింద మనిషి

కృష్ణ ఒడ్డున పడవ నడిపే గాలయ్య ఏటా ఎండాకాలంలో తన చిన్న పడవను బండి మీద ఇంటికి తెచ్చి, కొట్టంలో దూలానికి తాళ్లు వేసి ఎత్తించి, అడుగుకు తారు పూయించేవాడు. తాళ్లను ముడేసి వదలడం ఆ ఇంట్లో లేదు. ముడిని నమ్మొద్దు, చేతిని నమ్మాలి అని వాళ్ల నాయిన పెట్టిన పద్ధతి. గాలయ్య, ఆయన తమ్ముళ్లు ముగ్గురు తాళ్లు పట్టుకుని నిలబడితే భార్య ఈదమ్మ కింద దూరి తారు పూసేది. "జల్ది కానీయ్, చేతులు గుంజుతున్నయ్" అని గాలయ్య కేకలేసేవాడు. కష్టమంతా పట్టుకున్నవాళ్లదేననీ, కింద కూర్చున్నామెది తేలిక పనేననీ అందరి లెక్క.

ఆ ఏడు తమ్ముళ్లు ముగ్గురూ సాగర్ డ్యాం కాడ రాళ్ల పనికి పోయారు. తొలకరి పది రోజుల్లో ఉంది. తారు పడకపోతే పడవలోకి నీళ్లొస్తాయి, పడవ నడవకపోతే ఆ ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవదు. అందుకే మొగుడూ పెళ్లాం బరువులెత్తే కప్పీ ఒకటి కిరాయికి తెద్దామని దేవరకొండలో రామచంద్రం ఇనుప సామాను దుకాణానికి వెళ్లారు.

దుకాణం దూలానికి మూడు రకాల కప్పీలు వేలాడుతున్నాయి. ఒకటి ఒంటి కప్పీ, ఇంకోటి తాడు చుట్టిన జంట కప్పీలు, మూడోది పెద్ద పొట్టతో గొలుసుల కప్పీ. పుట్టినప్పటి నుంచీ మోటబావి గిరకను చూసిన గాలయ్య నేరుగా ఒంటి కప్పీ దగ్గరికే పోయాడు.

"గిదే సాలు. గిరక ఉంటే బరువు సగమైతది."

రామచంద్రం దానికి మేకుల బస్తా కట్టించాడు. గాలయ్య గుంజాడు. బస్తా లేచింది గానీ ఆయన మెడ నరాలూ లేచాయి. బరువు వీశెడు కూడా తగ్గలేదు. మోటలో బరువు లాగేది ఎద్దులు, గిరక కాదన్న సంగతి పాపం అన్నేళ్లకు తెలిసింది. జంట కప్పీలతో మాత్రం బస్తా హాయిగా లేచింది. గాలయ్య ఒక చేత్తో తాడు పట్టుకుని రెండో చేత్తో మీసం దువ్వాడు.

ఈదమ్మ కళ్లు గొలుసుల దాన్ని వదలడం లేదు. "సావుకారీ, గది జర నేను గుంజి సూస్త" అంది. దానికీ ఒక బస్తా కట్టించారు. ఆమె బారలకు బారలు గొలుసు లాగింది. బస్తా జానెడే లేచింది.

తన తాడు పట్టుకునే గాలయ్య పకపకా నవ్వాడు. "గిట్లైతే పడవ లేశేసరికి దసర వస్తది."

"బరువే తెలుస్తలేదు. యాడికి పోయింది సావుకారీ?"

"యాడికీ పోలేదమ్మా. శానాసేపు గుంజుతున్నవ్, జరంత జరంత మోస్తున్నవ్. గంతే."

ఈదమ్మ బస్తా కింద నేలను చూసింది. ఉన్నట్టుండి గొలుసు వదిలేసింది. గాలయ్య ఎగిరి వెనక్కి దూకబోయాడు. బస్తా కదల్లేదు.

"గిప్పుడు నువ్వు గా తాడు వదులు" అంది.

ఆయన వదిలాడు. బస్తా ధడాలున పడి దుమ్ము లేచింది.

"నేను కూసునేది దాని కిందనే గద" అంది ఈదమ్మ. గాలయ్య తాడును పక్కకు నెట్టాడు. గొలుసుల కప్పీని తనే బండిలో పెట్టాడు.

మర్నాడు పడవ లేచేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. లేచింది లేచినట్టే ఆగింది. ఈదమ్మ కింద దూరింది. గాలయ్య మాత్రం గొలుసు వదలడు.

"వదులంటున్న గద. వచ్చి సూడు."

నాయిన మాటను తలుచుకుంటూ, భయపడుతూ వదిలాడు. వంగి ఆమె పక్కన దూరి కూర్చున్నాడు. ముక్కుకు జానెడు దూరంలో పలకలు. తల ఎత్తడానికి జాగా లేదు. దూలం కిర్రుమంటే ఆయన పలకలకు రెండు చేతులూ అడ్డం పెట్టాడు. ఈదమ్మ తారు పూస్తూనే ఉంది.

"ఇన్నేండ్లు గిక్కడ కూసున్నవా? నేనేమో జల్ది జల్ది అని ఒర్రుకుంట..." గాలయ్యకు సిగ్గేసింది. ఆమె చేతిలోంచి తారు గుడ్డ లాక్కున్నాడు. "నువ్వు బయటికి పో. నేను పూస్త."

ఈదమ్మ బయటికొచ్చింది. "జల్ది కానీయ్!" అని కేకేసింది. కిందినుంచి నవ్వు వినిపించింది.

ఆ గొలుసుకు మనిషి అక్కర లేదని దుకాణంలో తేల్చింది ఆమే. అయినా గాలయ్య బయటికి వచ్చేదాకా దాన్ని రెండు చేతులతో పట్టుకునే నిలబడింది.