చుక్క లేని రిపోర్టు

“రిపోర్టు అన్నయ్య చూసేశాడు. అమ్మకేమీ లేదట. నువ్వు బూరక్‌లు చుట్టు, అజాన్‌కి ఎంతోసేపు లేదు” అన్నాడు అమ్మార్, వంటింటి గడపకి అవతలే నిలబడి. లోపలికి రాడు. రంజాన్ నెలలో వంట వాసన తగిలితే అతనికి తల తిరుగుతుంది. ఉపవాసం ఉన్నవాడు కదా.

అతని భార్య జాజియాదీ ఉపవాసమే. తెల్లవారకముందు తాగిన నీళ్ళు తప్ప మళ్ళీ నోట్లో ఏమీ పడలేదు. పొద్దున్నే ఆస్పత్రికి వెళ్ళి, వృద్ధుల వార్డులో పడకలన్నీ తిరిగి, కిక్కిరిసిన బస్సులో నిలబడి ఇంటికొచ్చి, తల మీది బట్ట కూడా తియ్యకుండా స్టవ్ ముందుకు చేరింది. వంట వాసనకి ఆమెకి తల తిరగదు. ఎందుకు తిరగదో ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

“ఏదీ, నన్నొకసారి చూడనివ్వు” అంది పల్చటి పిండి రేకులో ఖీమా పెట్టి చుడుతూ.

“చూడ్డానికేముంది? ఒక్క చుక్క కూడా లేదట. చుక్క ఉంటేనేగా జబ్బు!”

ల్యాబులో యంత్రం హద్దు దాటిన అంకె పక్కన చుక్క గుర్తు ముద్రిస్తుంది. ఆ ఇంటికి వైద్యమంటే ఆ చుక్కే. చుక్కలు వెతికే పని బావగారిది.

బావగారు లజ్హర్‌కి పెద్ద వంతెన దగ్గర కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. కాపురం వేరే ఇంట్లో, ఇఫ్తార్ మాత్రం రోజూ తల్లి దగ్గరే. దుకాణంలో తెల్లకోటు వేసుకుంటాడు. ఆ కోటు పుణ్యమా అని ఇంటిల్లిపాదికీ ఆయనే డాక్టరు. ఎవరికి ఏ పరీక్ష చేయించినా కాయితం ముందు ఆయన చేతికే వెళ్ళాలి. ఆయన దాన్ని వెలుతురుకి ఎత్తిపట్టి, అద్దంలో గీత పడిందేమో చూసినట్టు చూసి తీర్పు చెప్తాడు. ఏళ్ళ తరబడి ముసలివాళ్ళ రక్తం తీస్తూ, ఆ రక్తం ఏం చెబుతోందో వింటూ బతికే కోడలు అదే ఇంట్లో ఉంది. ఆమె చేత సూదులు వేయించుకుంటారు, కట్లు కట్టించుకుంటారు, పెద్దావిడ ఒళ్ళు తుడిపిస్తారు. కాయితం మాత్రం చదవనివ్వరు. సూది పొడవడం చేతిపని, చదవడం బుర్రపని. ఆ ఇంట్లో ఆడవాళ్ళకి చేతులు మాత్రమే ఉంటాయి.

అసలు ఆ పరీక్షలు డాక్టరమ్మ రాసిచ్చింది రంజాన్ రాకముందు. పెద్దావిడ ఈ ఏడు ఉపవాసాలు ఉండొచ్చో లేదో అవి చూశాక చెప్తానంది. ల్యాబుకి తీసుకెళ్ళమని జాజియా అడిగిన ప్రతిసారీ ఒక అడ్డం వచ్చింది. ఒకరోజు అల్జీరియా జట్టు ఆట, ఒకరోజు కారు రిపేరు. ఈలోగా నెలవంక కనిపించింది. అప్పుడు లజ్హర్‌కి ఒక గొప్ప ఆలోచన తట్టింది. “ల్యాబువాళ్ళు పరగడుపున రమ్మన్నారు కదా? రంజాన్‌లో అమ్మ ఎలాగూ పరగడుపే. ఇంతకంటే మంచి సమయం ఏముంటుంది?” ఇంట్లో అందరూ ఆహా అన్నారు. పరగడుపంటే తిండి మానడం, నీళ్ళు మానడం కాదని జాజియా చెప్పబోయింది. “నీళ్ళు తాగితే రక్తం పల్చబడదూ, నర్సమ్మా?” అని నవ్వాడు. కోడలు డ్యూటీలో ఉన్న రోజు చూసుకుని, మధ్యాహ్నం దాటాక, అసర్ నమాజు వేళ, దుకాణం ఖాళీగా ఉండే సమయంలో, తల్లిని ఎండలో తీసుకెళ్ళి రక్తం ఇప్పించి తెచ్చాడు. తెల్లవారుజాము నుంచి గుక్కెడు నీళ్ళు ఎరగని మనిషి. ఊళ్ళో ఇలా చేసే ఇల్లు ఇదొక్కటే కాదు. వార్డుకొచ్చే కాయితాల్లో ఏటా ఈ నెలలో జాజియా ఈ తెలివితేటలు చూస్తూనే ఉంటుంది.

అత్తగారి పేరు బహీజా. కసంతీనా ఊరి పాతబస్తీలో అందరికీ, గౌరవంగా, లల్లా బహీజా. డెబ్భై ఎనిమిదేళ్ళ వయసులో, ఎండిన అత్తిచెట్టు కొమ్మలా ఉంటుంది. అయినా ఇఫ్తార్‌కి చోర్బా, అంటే శనగలు వేసిన సూపు, ఆవిడే కాచాలి. “అమ్మ చేతి చోర్బా ఇంకెవరికీ రాదు” అంటారు కొడుకులు. ఎంత ముచ్చటైన మాట! ఆ మాటతోనే ఆవిడని స్టవ్‌కి కట్టేశారు. మోకాళ్ళు నిలవడం లేదంటే లజ్హర్ తన దుకాణం పక్కనున్న మందులషాపులో నొప్పి మాత్రలు తెచ్చాడు. ఇఫ్తార్ తర్వాత ఒకటి, తెల్లవారకముందు సహరీకి ఒకటి. “వేసుకో అమ్మా, గుర్రంలా నిలబడతావ్.” రంజాన్ ఇరవయ్యేడో రాత్రికి లజ్హర్ కూతురి తొలి ఉపవాసం వేడుక. పిల్లకి పెళ్ళికూతురి బట్టలు, నిమ్మ షర్బత్‌లో వెండి ఉంగరం, చుట్టాలందరికీ ఈ ఇంట్లోనే భోజనం. ఆ రాత్రి పిల్ల రాణి. వండిపెట్టాల్సింది నాయనమ్మ. నాయనమ్మ రిపోర్టు బాగుండక ఏం చేస్తుంది?

కానీ నాయనమ్మ బాగాలేదు. మొన్న చోర్బాలో ఉప్పు రెండుసార్లు వేసింది. కూర్చున్నచోటే కునుకుతోంది. ఎప్పుడో పోయిన చెల్లెల్ని పేరుపెట్టి పిలిచింది. కొడుకులు పడీపడీ నవ్వారు.

ఇప్పుడు కూడా ముక్కాలిపీట మీద కూర్చుని కొత్తిమీర ఆకులు తుంచుతూ, మధ్యలో కళ్ళు మూసుకుంది. జాజియా చేతులు తుడుచుకుని దగ్గరికి వెళ్ళింది. కింది కనురెప్ప వేలితో లాగి చూసింది. ఎర్రగా ఉండాల్సిన చోటు ఉతికి ఆరేసిన గుడ్డలా ఉంది.

“కళ్ళు చూసేది నీ బావగారు కదే! నువ్వెప్పుడు తెరిచావు దుకాణం?” అంది అత్తగారు కళ్ళు మూసుకునే.

“కడుపులో నొప్పి ఉందా అత్తయ్యా?”

“నొప్పీ లేదు, మంటా లేదు.”

లేకపోయినంత మాత్రాన నమ్మడానికి లేదని జాజియాకి తెలుసు. పడుచువాళ్ళ కడుపులో పుండు పడితే కేకలు పెట్టిస్తుంది. ముసలివాళ్ళ కడుపులో పుండు వాళ్ళలాగే నోరు మూసుకుని పడి ఉంటుంది.

“బయటికి ఏ రంగులో అవుతోంది?”

అత్తగారు కళ్ళు తెరిచింది. ముందు గుమ్మం వైపు చూసింది. “తారులాగ” అంది మెల్లగా. “వారం పైనే అయింది. ఎవరితో చెప్పను పిల్లా? కొడుకులతో అనే మాటా అది? నీతో చెబుదామంటే నువ్వు రావడమేమో స్టవ్ దగ్గరికి, పోవడమేమో బస్సు దగ్గరికి.”

నూనెలో బూరక్ మాడింది. జాజియా స్టవ్ ఆర్పింది. ఒకే వంటింట్లో, ఒకరి మోచెయ్యి ఒకరికి తగిలేంత దగ్గరగా నిలబడి, ఇద్దరాడవాళ్ళు ఇంత మాట చెప్పుకోడానికి తీరిక లేకుండా పోయింది. ఎవరికోసం? లోపల టీవీ ముందు కాళ్ళు చాపుకుని అజాన్ కోసం ఎదురుచూస్తున్న ఆ అన్నదమ్ములిద్దరి కోసం.

అజాన్ అయింది. ఖర్జూరం, పాలు, తర్వాత చోర్బా. లజ్హర్ రెండు చెంచాలు జుర్రుకుని “అమ్మ చెయ్యి!” అని కళ్ళు మూసుకున్నాడు. ఆయన కళ్ళు తెరిచేదాకా ఆగి జాజియా అంది:

“బావగారూ, ఆ రిపోర్టు ఇలా ఇవ్వండి.”

“ఓహో! యంత్రం కన్నా నీకెక్కువ తెలుసా అమ్మాయ్?”

“యంత్రానికి అత్తయ్య తెలీదు. నాకు తెలుసు.”

ఆయన జేబులోంచి మడత కాయితం తీసి తమ్ముడికిచ్చాడు. ఆమె చేతికి ఇవ్వలేదు. అమ్మార్ దాన్ని బల్ల మీదుగా తోశాడు. జాజియా విప్పి చూసింది. ఒక అంకె మీద వేలు పెట్టింది.

“హిమోగ్లోబిన్ పన్నెండు దాటి ఒక్క పిసరు ఉంది. హద్దు పన్నెండు. అందుకే చుక్క పడలేదు. పక్కన చిన్న అక్షరాల్లో పోయిన చలికాలం అంకె కూడా వేశారు, చూశారా? అప్పుడు పదమూడున్నర. అందరికీ గీసిన హద్దుతో ఈవిడకేం పని? ఈవిడని ఈవిడతోనే పోల్చాలి. పైగా ఇది నీళ్ళు ఎండిన రక్తం. మూత పెట్టకుండా మరిగిస్తే చోర్బా ఏమవుతుంది? చిక్కబడుతుంది. గరిటెతో తీస్తే శనగలు నిండుగా కనిపిస్తాయి. అంతమాత్రాన గిన్నెలో శనగలు పెరిగాయా? ఈవిడకి నీళ్ళు పట్టించి మళ్ళీ తీస్తే ఈ అంకె కిందికి జారుతుంది.”

“కిడ్నీది బాగానే ఉందన్నాడుగా అన్నయ్య” అన్నాడు అమ్మార్, తను ఆమెనే అడుగుతున్నానన్న సంగతి మరిచిపోయి.

“ఆ అంకె కండలోంచి పుడుతుంది. మీ ఇద్దరి ఒంట్లో కండ ఉంది. ఆవిడ ఒంట్లో ఏం మిగిలింది? మీకు మంచిదైన అంకె ఆవిడకి మంచిది కాదు. యూరియా చూడు, అంచున నిలబడింది. నీళ్ళు లేకపోయినా పెరుగుతుంది అది, కడుపులో రక్తం కారినా పెరుగుతుంది. ఆ నొప్పి మాత్రలు కడుపునీ కొడతాయి, కిడ్నీనీ కొడతాయి.”

“కడుపులో రక్తమట! విన్నావా తమ్ముడూ?” లజ్హర్ చెంచా గిన్నెకేసి కొట్టాడు. “పగలంతా ముసలాళ్ళ మంచాల కింద కుండలెత్తి, ఇంటికొచ్చి మనకి పాఠాలు! అసలు సంగతి నేను చెప్పనా? ఇరవయ్యేడో రాత్రి పని తప్పించుకోడానికి ఈ ఎత్తు.”

“చాల్లే జాజియా” అన్నాడు అమ్మార్. “అన్నయ్య ముందు ఏమిటా మాటలు? మనుషుల్ని తిననీ.”

తిననీ. పెళ్ళయినప్పటి నుంచీ ఆమె వింటున్న మాటల్లో ఇదే అతి మెత్తనిది. ‘నీ డ్యూటీ ఆస్పత్రిలోనే వదిలి రా’ అన్నాడొకసారి. ‘మా అమ్మ నీకు పేషెంటా?’ అన్నాడింకోసారి, మందుల గురించి అడిగితే. పేషెంటు కాదు, నిజమే. పేషెంటయితే ఆవిడని పక్కకి తిప్పి పడుకోబెట్టినందుకు, గోళ్ళు తీసినందుకు, కాళ్ళు పట్టినందుకు నెల తిరిగేసరికి జీతం వచ్చేది. ఇంట్లో అవే చేతులు అదే పని చేస్తే దానికి ప్రేమని పేరు. ఆ చేతులు నేర్చుకున్నది నోటితో చెబితే మాత్రం పొగరు. జీతం లేని పనిలోనూ నోరు లేకుండా ఉండాలంటే, మనిషిలో ఇంక ఏ ముక్క మిగిలింది వీళ్ళకి ఇవ్వకుండా?

ఆమె నోరు తెరిచేలోగా అత్తగారు చెంచా కింద పెట్టింది.

“లజ్హర్, ఆ కాయితంలో ఉన్నది ఎవరి రక్తంరా?”

“నీదేనమ్మా.”

“మరి ఇందాకటిదాకా నీ జేబులో ఎందుకుంది?”

లజ్హర్ నవ్వబోయాడు. ఎందుకుందో ఆయనకీ తెలీదు. ఎప్పుడూ అక్కడే ఉంటుంది, అంతే.

“నాకు చదువు పిల్లా. మొదటి నుంచీ చదువు” అంది పెద్దావిడ.

జాజియా చదివింది. ఒక్కొక్క అంకె చదివి, అది ఏమిటో, ఎంత ఉండాలో, ఎందుకు నమ్మకూడదో చెప్పింది. ఆవిడ తల ఊపుతూ అంతా విన్నది. విన్నాక కొడుకుల వైపు తిరిగింది.

“నాకు నల్లగా అవుతోంది, తారులాగ. నువ్వు తెచ్చిన మాత్రలు వేసుకుంటున్నప్పటి నుంచే. ఇప్పుడు తినండి.”

ఎవరూ తినలేదు. అమ్మార్ కారు తాళాలు తీసుకున్నాడు.

ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించి మళ్ళీ రక్తం తీశారు. అంకె తొమ్మిదికి దిగింది. మర్నాడు పొద్దున గొట్టం వేసి చూస్తే కడుపులో పుండు, పుండులోంచి రక్తం. అక్కడి డాక్టరు వాదన ఏమీ పెట్టుకోలేదు. మాత్రలు ఆపించి రక్తం ఎక్కించమన్నాడు. ఇంకో వారం ఆగి ఉంటే ఏమయ్యేదో కారిడార్‌లో కొడుకులిద్దరికీ మెల్లగా చెప్పి వెళ్ళాడు. అలాంటి మాటలు కారిడార్‌లో చెప్పడమే అక్కడి మర్యాద. మంచం మీదున్న మనిషికి మాత్రం ‘ఏం లేదు తల్లీ’ అని చెప్తారు.

లజ్హర్ మొహం పాలిపోయింది. పాపం, తల్లంటే ప్రేమ లేక కాదు. “అమ్మాయ్, అమ్మకి పుండని చెప్పకు. బెంగపడుతుంది. నీరసమని చెబుదాం” అన్నాడు. ఆ వెంటనే, “మరి ఇరవయ్యేడో రాత్రికి ఎలా?” అన్నాడు.

“మీ ఇంట్లో స్టవ్ ఉంది కదా బావగారూ” అని జాజియా లోపలికి వెళ్ళింది. మంచం పక్కన కూర్చుని అత్తగారికి ఉన్నదున్నట్టు చెప్పింది. పుండనీ, ఆ మాత్రలు ఇంక ముట్టకూడదనీ, ఈ ఏడు మిగిలిన ఉపవాసాలు లేవనీ, నిలబడి వంట చెయ్యడం అసలే లేదనీ.

“చస్తానా?”

“చెప్పినట్టు వింటే చావరు.”

“వింటాను. నువ్వు చెప్తున్నావుగా” అందావిడ. వెనకే వచ్చిన అమ్మార్ “ఏం లేదమ్మా, కాస్త నీరసం...” అని మొదలుపెడితే, “నా పుండు సంగతి నాకు తెలుసు, నువ్వెళ్ళి నీళ్ళసీసా పట్రా” అంది.

అత్తగారు ఇంటికొచ్చాక జాజియా మళ్ళీ డ్యూటీకి వెళ్ళింది. కిటికీ పక్క మంచం మీది ముసలామె రిపోర్టు వచ్చింది. కారిడార్‌లో ఆవిడ కొడుకు ఇస్త్రీ చొక్కాతో ఎదురొచ్చి చెయ్యి చాచాడు. “ఇలా ఇవ్వు సిస్టర్. ఆవిడకేం చెప్పకు, కంగారుపడుతుంది.”

ఇన్నేళ్ళూ ఆమె ఎన్ని కాయితాలు ఇలాంటి చేతుల్లో పెట్టిందో! అతను చాచిన చెయ్యి అలాగే ఉంది. ఆమె దాన్ని దాటుకుని లోపలికి నడిచింది. స్టూలు లాక్కుని మంచం దగ్గర కూర్చుంది.

“అమ్మా, మీ రక్తం గురించి మీతో మాట్లాడాలి. వినే ఓపిక ఉందా?”

ముసలామె దిండు మీంచి ఆమె వైపు తిరిగింది.

“ఓపికకేం తల్లీ, కావలసినంత ఉంది. చెప్పేవాళ్ళే లేరు.”