గుహగొంతు గాయకుడు

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక కళ్ళజోళ్ళ షాపు పైగదిలో నలుగురు మనుషులు కళ్ళు మూసుకుని కూర్చుంటారు. నిద్రపోతున్నారనుకుంటే పొరపాటు. నిద్రపోయేవాళ్ళు కనీసం గురకైనా పెడతారు. వీళ్ళు పాటలు వింటారు. అవీ మామూలు పాటలు కావు. జానపదానికి గిటారూ డ్రమ్ములూ తగిలించి ఎప్పుడో ఎవరో పాడితే, ఎవరూ కొనక, చివరికి పాడినవాళ్ళు కూడా మరచిపోయిన పాటలు. ఫోక్ రాక్ అంటారు. వారానికొకరు చొప్పున ఒక గాయకుణ్ణి మిగతావాళ్ళకు సిఫారసు చెయ్యాలి. నియమం ఒక్కటే: ఆ గాయకుణ్ణి లోకం పూర్తిగా మరచిపోయి ఉండాలి. బయటివాళ్ళెవరైనా "ఆ, ఆయనా? మా బాబాయి వింటుండేవాడు" అన్నారంటే ఆ గాయకుడి పని అయిపోయినట్టే.

పళ్ళ డాక్టరు ఒకసారి, ఓడ ఇంజను గదిలో కూర్చుని ఒకే ఒక్క పాట రికార్డు చేసిన వంటవాణ్ణి సిఫారసు చేశాడు. పాట వినిపించాడు కూడా. ఇంజను బాగా వినిపించింది. ఆ దెబ్బతో లెక్చరరమ్మకు కొన్నాళ్ళు నిద్ర పట్టలేదు. వెతికి వెతికి, రికార్డింగు రోజు పొద్దున్నే తగవు పడి విడిపోయిన అన్నదమ్ముల జట్టునొకదాన్ని పట్టుకొచ్చింది. వాళ్ళ పాట ఎక్కడా లేదు. లేకపోవడమే వాళ్ళ గొప్పతనమని ఆవిడ చాలాసేపు వివరించింది. రిటైరైన బ్యాంకు మేనేజరు "అబ్బ, ఏం మౌనమండీ!" అంటూ కళ్ళు తుడుచుకున్నాడు. ఆయన కళ్ళు తుడుచుకోవడానికి పెద్ద కారణం అక్కర్లేదు.

ఇక కళ్ళజోళ్ళాయన సిఫారసు. దాని ముందు ఓడ వంటవాడూ, పాడని అన్నదమ్ములూ దిగదుడుపే. తెల్లటి అట్టలో పెద్ద నల్ల రికార్డు. దాని మధ్యలో అంటించిన కాగితం చెమ్మకు ఊడిపోయి పేరూ ఊరూ ఏమీ మిగల్లేదు. తిప్పితే, బావి అడుగు నుంచి వచ్చినట్టు ఒక మగగొంతు బరువుగా, ఒక్కో మాటనూ ఈడ్చుకుంటూ పాడుతుంది.

"ఆగవయ్యా, ఆగవయ్యా, అడుగు దూరం నేనున్నా
చెప్పు తెగిన కాలు నాది, చెయ్యి ఊపుతున్నా"

మొదటిసారి విన్నాక అందరూ ఒకేసారి మాట్లాడారు. పేరు తెలియని ఆ మహానుభావుడికి గుహగొంతు అని పేరు పెట్టారు. ఆగమంటున్నది మృత్యువునేనని లెక్చరరమ్మ తేల్చేసింది. తెగిన చెప్పంటే తెగిన బంధాలని మేనేజరు కనిపెట్టాడు. ఆ గొంతు చూస్తే గనుల్లో పనిచేసి ఊపిరితిత్తులు పాడైనవాడిలా ఉన్నాడని, పాట పాడిన ఏడాదిలోపే పోయి ఉంటాడని పళ్ళ డాక్టరు తేల్చాడు. పళ్ళు చూడకుండా ఆయన చేసిన రోగ నిర్ణయం అదొక్కటే.

స్పీకరుకు ఎదురుగా ఉన్న పడక్కుర్చీ ఆ రోజు నుంచి కళ్ళజోళ్ళాయనది. అందరికన్నా గొప్ప సిఫారసు చేసినవాళ్ళదే ఆ కుర్చీ. దాన్ని చూసి మనం నవ్వొచ్చు గానీ, ఆయనకు అది చిన్న సంగతి కాదు. వారమంతా షాపులో నిలబడి "ఈ అద్దం బాగుందా, ఇందాకటిది బాగుందా?" అని జనాన్ని అడిగే మనిషి ఆయన. ఆయన్ను మాత్రం ఎవరూ ఏదీ అడగరు. ఆ కుర్చీలో కూర్చుంటే ముగ్గురు చదువుకున్నవాళ్ళు తలలూపుతూ వింటారు.

రికార్డు ఎక్కడ దొరికిందని అడిగితే ఆయన పొగమంచు కమ్మిన ఒక ఉదయం గురించి, పాతసామాన్ల సంత గురించి, నోరు విప్పని ముసలి వ్యాపారి గురించి చెప్పేవాడు. చెప్పినప్పుడల్లా పొగమంచు కాస్త చిక్కబడేది. అసలు సంగతేమిటంటే, అత్తగారి ఇల్లు ఖాళీ చేయించినప్పుడు అటక మీద చెత్తలో దొరికింది. అత్తగారి అటక అంటే ఎవరు గౌరవిస్తారు? పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు కదా.

ఆ అత్తగారు ఆరేళ్ళుగా వీళ్ళింట్లోనే, షాపు వెనక, మెట్ల కింద ఉన్న చిన్న గదిలో ఉంటోంది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసి రిటైరైంది. మోకాళ్ళ నొప్పుల వల్ల మేడ ఎక్కదు. సంగీతమంటే ఏమిటో ఆవిడకు తెలియదని అల్లుడు ఎప్పుడో తీర్మానించేశాడు. ఎందుకంటే గుహగొంతు మొదలవగానే ఆవిడ కింద నుంచి కూతురితో, "పైన ఎవరికే ఒంట్లో బాలేదు? అలా మూలుగుతుంటే ఆస్పత్రికి తీసుకెళ్ళరేం?" అనేది.

ఒకసారి పైగదికి రంగులేయిస్తున్నారని ప్లేయరును కింద హాల్లో పెట్టారు. షాపు సెలవు రోజు కళ్ళజోళ్ళాయన, ఇంట్లోనైనా ప్రశాంతంగా విందామని గుహగొంతును ప్లేయరు మీద పెట్టి, అలవాటుగా కళ్ళు మూసుకున్నాడు.

ఎవరో గుహగొంతుకు చక్కిలిగింతలు పెట్టినట్టయింది. గిటారు గంతులేస్తోంది. డ్రమ్ములు దాని వెంట పడుతున్నాయి. వాటి మీద ఒక పడుచుపిల్ల గొంతు, "ఆగవయ్యా, ఆగవయ్యా!" అని దబాయిస్తోంది.

ప్లేయరు పాడైందేమోనని ఆయన వంగి చూస్తే, భార్య దుమ్ము దులుపుతూ స్పీడు మీటను నిమిషానికి ముప్పై మూడు చుట్ల మీంచి నలభై ఐదు మీదకు జరిపేసింది. అంతే. పెద్ద రికార్డులు ముప్పై మూడు మీద తిప్పాలి. అయితే కొన్ని పెద్ద రికార్డులను నలభై ఐదుకే తయారుచేస్తారని, ఆ సంగతి మధ్యలో కాగితం మీద రాస్తారని మన నలుగురు పండితులకూ తెలుసు. కాగితం ఊడిపోయింది. అనుమానం మాత్రం ఒక్కరికీ రాలేదు. ఏడుపు అంత బాగుంటే అనుమానం ఎలా వస్తుంది?

ఆయన మీటను వెనక్కి తిప్పబోతుంటే వంటింటి గుమ్మంలోంచి ఎవరో రెండో చరణం అందుకున్నారు. తల తిప్పి చూస్తే అత్తగారు. తడిచేతులతో నిలబడి, తల ఊపుతూ, ఒక్క మాట తప్పకుండా పాడుతోంది.

"ఇది ఎక్కడ దొరికింది బాబూ? పోయిందనుకున్నాను. నాదే, నేను పాడిందే!"

భార్య చీపురు పట్టుకుని నిలబడిపోయింది. "అమ్మా, నువ్వు పాడేదానివా? నాకెప్పుడూ చెప్పలేదే!"

"నువ్వెప్పుడు అడిగావే?"

డ్యూటీ దిగి రోజూ బస్సు కోసం పరిగెత్తేవాళ్ళట. ఒక సాయంత్రం చెప్పు తెగిందట. డ్రైవరు చూసి కూడా ఆపలేదట. ఆ కోపంలో కట్టిన పాట. పక్క సీటు ఆపరేటరు డ్రమ్ములు, ఆ పిల్ల తమ్ముడు గిటారు.

"మరి ఎందుకు మానేశారు అత్తయ్యగారూ?" అన్నాడు అల్లుడు. ఆయన గొంతు ఆయనకే గుహలోంచి వచ్చినట్టుంది.

"ఎవరు కొన్నారని? మా సొంత అక్కే కొనలేదు. ఊరికే ఇస్తే పిండిడబ్బాకు మూతగా పెట్టుకుంది." ఆవిడ నవ్వి, తరువాత ఏదో తట్టినట్టు ఆగింది. "అయితే బాబూ, మీ పైవాళ్ళంతా ఇన్నాళ్ళూ వింటున్నది నా పాటేనా?"

"ఆ... అవునండి."

"విని ఏమంటారు?"

"ఏడుస్తారండి."

"ఏడుస్తారా?" బస్సు పాటకు ఎందుకేడ్చారని ఆవిడ అడగలేదు. మొహం మాత్రం దీపం పెట్టినట్టు వెలిగిపోయింది. "ఆదివారం నేనూ పైకి వస్తాను. నా పాట విన్నవాళ్ళను నేనింతవరకూ చూడనేలేదు. ఒక కొత్త పాట కూడా కట్టుకొస్తాను."

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఏమిటో అల్లుడికి ఇప్పుడు బాగా అర్థమైంది. కానీ అర్థమైనంత మాత్రాన కుర్చీ వదులుకోవడం ఎవరి తరం? గనుల్లో పోయిన మహాగాయకుడు తన అత్తగారని, బతికే ఉందని, ఇప్పుడే చిక్కుళ్ళు ఒలిచిందని ఏ మొహంతో చెప్పేది? కక్కలేక మింగలేక వారమంతా తిరిగాడు. "మెట్లు చాలా ఉన్నాయండీ అత్తయ్యగారూ" అని చూశాడు. "ఎక్కుతాలెండి" అంది ఆవిడ. రోజూ వంటింట్లో ఏదో కూనిరాగం తీస్తూ, అల్లుడు వస్తే ఠక్కున ఆపేసేది.

ఆదివారం ఆవిడ ఇస్త్రీ చీర కట్టుకుని, ఒక్కో మెట్టు దగ్గరా ఆగి ఆగి పైకొచ్చింది. అల్లుడు "మా అత్తగారు" అని పరిచయం చేసి, అక్కడితో ఆపాడు. ముగ్గురూ పెద్దమనిషి తరహాలో తలలూపి, ఆవిడకు గుమ్మం పక్కన స్టూలు చూపించారు.

ఆయన చెయ్యి, పిరికితనంతోనో అలవాటుతోనో, మీటను ముప్పై మూడు మీదే పెట్టింది. మూలుగు మొదలైంది. ముగ్గురి కళ్ళూ మూసుకున్నాయి. అత్తగారు మొదట ఆశగా చెవి ఒగ్గింది. తరువాత అల్లుడి వైపు చూసింది. తలవంచుకుని చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ కూర్చుంది.

అల్లుడికి సిగ్గేసింది. ఒళ్ళంతా పాకే సిగ్గు. లేచి వెళ్ళి మీటను నలభై ఐదుకు తోశాడు.

"మెషీన్ పోయింది!" అని పళ్ళ డాక్టరు కేకేశాడు.

"పోలేదు. ఇన్నాళ్ళూ పోయింది మనమే" అని, అటక దగ్గర నుంచి బస్సు డ్రైవరు దాకా మొత్తం చెప్పేశాడు కళ్ళజోళ్ళాయన. పొగమంచును కూడా వెనక్కి తీసుకున్నాడు.

లెక్చరరమ్మ గొంతు సవరించుకుంది. "ఇది సరైన స్పీడే కావచ్చు. నిజమైన స్పీడు మాత్రం కాదు."

"పాడింది నేనేనమ్మా" అంది అత్తగారు.

"పాడి ఉండొచ్చండీ. కానీ ఒకసారి లోకంలోకి వచ్చాక పాట మీద పాడినవాళ్ళకు హక్కుండదు."

తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు మరి. మేనేజరు ఎంతో మర్యాదగా, "మీరు బతికే ఉన్నందుకు చాలా సంతోషమమ్మా. కానీ మా నియమం ఒకటుంది. మిమ్మల్ని మీ అల్లుడుగారు ఎరుగుదురు, మీ అమ్మాయి ఎరుగును. మిమ్మల్ని మరచిపోయినట్టు లెక్కలోకి రాదు" అన్నాడు. ఓటుకు చేతులెత్తారు. గుహగొంతు గనుల్లోనే పోయాడని, పొగమంచు సంతలోనే దొరికాడని, ఇక మీదట కూడా ముప్పై మూడు మీదే పాడతాడని ముగ్గురూ తీర్మానించారు. వద్దన్న చెయ్యి కళ్ళజోళ్ళాయనది ఒక్కటే. పడక్కుర్చీ ఓడ ఇంజనుకు గాను పళ్ళ డాక్టరుకు దక్కింది.

"నేనో కొత్త పాట కట్టుకొచ్చాను. పాడనా?" అంది అత్తగారు.

మేనేజరు గడియారం చూసుకున్నాడు. "కొత్తవి మేం వినమమ్మా. ముందు మరచిపోవాలి కదా."

అప్పటికే ముగ్గురూ సంచులు సర్దుకుంటున్నారు. కళ్ళజోళ్ళాయన రికార్డు తీసి అట్టలో పెట్టి, స్విచ్ ఆపేశాడు. "మీరు పాడండి అత్తయ్యగారూ. ఈ గది నాది. వినని వాళ్ళకు మెట్లు అటున్నాయి."

ఆవిడ స్టూలు మీద నిటారుగా కూర్చుని మొదలుపెట్టింది. సంచులు ఎక్కడివక్కడే ఆగిపోయాయి. ఆ పడుచు గొంతును వయసు తనే దించేసింది. అదే బరువు, అదే బావి అడుగు. మీట అక్కర్లేకుండానే గుహగొంతు గదిలో పాడుతోంది. ముగ్గురూ మెల్లగా కూలబడి కళ్ళు మూసుకున్నారు. మేనేజరు రుమాలు తీశాడు. లెక్చరరమ్మ చెంపలు తడిశాయి.

"కళ్ళజోళ్ళు అమ్ముతాడు మా ఇంటి అల్లుడు
కళ్ళు రెండూ మూసుకుని మేడెక్కి కూర్చుంటాడు
చూపు బాగు చేస్తానని ఊరికంతా చెప్తాడు
మెట్ల కింద ఎవరున్నారో ఎన్నడూ చూడడు"

రెండో వరసకే అల్లుడికి నవ్వు ఆగలేదు. మూడో వరసకు పగలబడి నవ్వాడు. నాలుగో వరసకు ఆ నవ్వు గొంతులోనే ఉండిపోయింది.

అత్తగారు పాట ఆపి ముగ్గుర్నీ వింతగా చూసింది. "ఎందుకేడుస్తున్నారు? ఇది వేళాకోళం పాట."

"ఏం గొంతమ్మా! ఎవర్ని పోగొట్టుకుంటే వస్తుంది ఈ బాధ!" అన్నాడు మేనేజరు కళ్ళు తెరవకుండానే.

"మాటలు విన్నారా?"

"మాటలతో పనేముందమ్మా!" అంది లెక్చరరమ్మ ముక్కు చీదుకుంటూ.

ఆవిడ అల్లుడి వైపు తిరిగింది. "మీరైనా విన్నారా బాబూ?"

"విన్నానండి. ప్రతి మాటా విన్నాను."

"అయితే నవ్వరేం?" అంది అత్తగారు.