ఫెన్నా చేతి అతుకు

శనివారం పొద్దున కాఫీ కప్పు చేత్తో పట్టుకుని బెరెండ్ టీవీ పెట్టబోతే అది మొండికేసింది. కింది అంచున ఎర్ర దీపం మూడుసార్లు మిణుకుమంది. లోపలెక్కడో టక్కుమని చప్పుడైంది. తెర మాత్రం నల్లగానే ఉండిపోయింది. రిమోట్‌లో బ్యాటరీలు మార్చాడు, ప్లగ్గు తీసి మళ్ళీ పెట్టాడు, చివరికి వీపు మీద అరచేత్తో ఒక్కటి చరిచాడు. టక్. మళ్ళీ టక్.

"కొడితే దారికి రావడానికి అదేమైనా నీ బస్సా?" అంది వంటింట్లోంచి ఫెన్నా.

"ముప్పై ఆరేళ్ళు నడిపాను. కొన్నిటికి దెబ్బే మందు."

"మందు వికటించినట్టుంది."

రేపు మధ్యాహ్నం రెండింటికి హేరెన్‌వేన్‌లో మంచు మీద స్కేటింగ్, మగవాళ్ళ పదివేల మీటర్ల పోటీ. ఫెన్నా తమ్ముడు వుబ్బో ఎండు సాసేజ్ ఒకటి కాగితంలో చుట్టుకుని వస్తాడు. చలికాలం ఆదివారాల్లో అతను రావడం ఇరవై ఏళ్ళుగా తప్పలేదు. అతనింట్లో ఇంతకంటే పెద్ద టీవీ ఉంది కానీ, ఒంటరిగా కూచుని టీవీ మీద అరిచేవాణ్ణి పిచ్చాడంటారు, ఇద్దరు కలిసి అరిస్తే చుట్టరికం అంటారని అతని వాదన.

బెరెండ్ దుకాణానికి ఫోన్ చేశాడు. "పద్నాలుగేళ్ళ టీవీనా? ఇవి ఎవరూ బాగుచెయ్యరండీ. దానికో దండం పెట్టి కొత్తది తీసుకోండి" అన్నాడు అవతలివాడు. పద్నాలుగేళ్ళకే దండం పెట్టేస్తే డెబ్బై నాలుగేళ్ళ మనిషికి ఏం పెడతారో అనుకుని బెరెండ్ ఠక్కున ఫోన్ పెట్టేశాడు. అతనికి రోషం వచ్చింది. రోషం వస్తే అతని చెయ్యి స్క్రూడ్రైవర్ వెతుక్కుంటుంది.

భోజనాల బల్ల మీద దుప్పటి పరిచి టీవీని బోర్లా పడుకోబెట్టాడు. ఇరవై రెండు స్క్రూలు కేకుల పళ్ళెం గుంటల్లో వరసగా పేర్చాడు. ఫోన్‌లో ఎవరో మీసాలాయన పెట్టిన వీడియో చూస్తూ ప్లగ్గు నుంచి వచ్చే తీగ ఎక్కడికి పోతుందో పట్టుకున్నాడు. అదే పవర్ సప్లై బోర్డు. దాని మీద కరెంటు దాచుకునే కెపాసిటర్లు, పొట్టి గొట్టాల్లాంటివి. వాటిలో నాలిగింటి నెత్తి చదునుగా లేదు, కొత్త సంవత్సరానికి ఫెన్నా వేయించే బూరెల్లా పొంగి ఉంది.

"దొరికింది దొంగ!" అని కేకేశాడు.

ఫెన్నా వచ్చి కళ్ళజోడు సర్దుకుని చూసింది. "నాలుగు" అంది. ఇంకేదో అనబోయి ఆగి, బఠాణీ సూప్ అడుగంటుతోందని వెనక్కి వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నమే బెరెండ్ ఖ్రోనింగెన్ పట్నంలో ఎలక్ట్రానిక్స్ కొట్టుకెళ్ళి కొత్త కెపాసిటర్లు నాలుగు తెచ్చాడు. ఆదివారం పొద్దున, ఎప్పుడో పైపులు అతకడానికి కొన్న లావుపాటి సోల్డరింగ్ ఐరన్ షెడ్డులోంచి దులిపి తెచ్చి పనిలోకి దిగాడు. పాతవి ఊడదీయడానికే గంటన్నర పట్టింది. వేలు కాలింది. సీసం తీగని ఐరన్ కొసన కరిగించి, కొవ్వొత్తి మైనంలా ఒక్కో చుక్కా కార్చాడు. కిటికీ దగ్గర అల్లిక చేసుకుంటున్న ఫెన్నా రెండుసార్లు నోరు తెరిచి రెండుసార్లూ మూసేసుకుంది.

పన్నెండున్నరకి వుబ్బో వచ్చాడు. టోపీ తియ్యకుండానే బోర్డు మీదకి వంగాడు.

"బావా, ఇవి అతుకులా, కోడి వేసిన రెట్టలా?"

"నోర్ముయ్యి. అతుక్కుందా లేదా అన్నదే లెక్క."

"అతుక్కుందిలే. ఇంక ఈ జన్మకి ఊడదు."

బోర్డు బిగించి, తీగలు కలిపి, వెనక మూత వెయ్యకుండానే టీవీ నిలబెట్టి బెరెండ్ ప్లగ్గు పెట్టాడు. ఎర్ర దీపం వెలిగింది. బావమరిది వైపు గర్వంగా తిరిగాడు. తిరిగిన మెడ తిరిగినట్టుండగానే లోపల ఢామ్మని పేలింది. తెల్లటి పొగ, కుళ్ళిన చేప వాసన. వుబ్బో ఒక్క గెంతులో సోఫా వెనక్కి చేరాడు. బెరెండ్ గబగబా ప్లగ్గు లాగేసి, పొగలోకి చెయ్యి పెట్టబోయాడు.

"చెయ్యి తియ్యి!"

ఫెన్నా గొంతు అంత గట్టిగా విని ఏళ్ళయింది. బెరెండ్ చెయ్యి గాలిలోనే ఆగింది.

"ప్లగ్గు తీసినా ఆ పెద్దదాంట్లో కరెంటు ఉంటుంది, కరుస్తుంది. వుబ్బో, కిటికీ తెరువు. బెరెండ్, లే అక్కణ్ణుంచి. మెట్ల కింద పాత బల్బు హోల్డరు ఉంది, బల్బూ తీగలతో సహా పట్రా. ఆ లావు ఐరన్ తీసి అవతల పెట్టు. నా అల్లికల పెట్టె అడుగున సన్నది ఉంటుంది."

"నీ అల్లికల పెట్టెలోనా?"

"పట్రమ్మన్నాను."

రెండూ తెచ్చాడు. ఆమె బల్బు తీగలు రెండూ బోర్డు మీది పెద్ద కెపాసిటర్ కాళ్ళకి ఆనించింది. గోడకి ఏ సంబంధమూ లేని బల్బు ఒక్కసారి మెరిసి ఆరిపోయింది. వుబ్బో ముక్కున వేలేసుకున్నాడు.

"ఇప్పుడు కరవదు" అని ఫెన్నా కూర్చుంది. పేలినదాన్ని వేలితో చూపించింది. "ఈ తెల్ల చార మైనస్ వైపు ఉండాలి. తలకిందులు పెట్టావు."

"నాలిగింట్లో ఒక్కటేగా" అన్నాడు బెరెండ్ నసుగుతూ.

"పేలడానికి ఒకటి చాలు." పేలిన దాని మీది అంకెలు చదివింది. "ఆదివారం కొట్లుండవు. వుబ్బో, ఆ పాడైపోయిన డీవీడీ ప్లేయర్ ఇంకా పారెయ్యలేదుగా?"

"ఎప్పటికైనా పనికొస్తుందని…"

"ఇవాళే పనికొచ్చేది. పో."

వుబ్బో సైకిలెక్కి వెళ్ళి పావుగంటలో దాన్ని చంకలో పెట్టుకుని రొప్పుతూ వచ్చాడు. ఫెన్నా దాన్ని విప్పి, లోపల చూసి, తనకి కావలసినది రెండు నిమిషాల్లో ఊడబెరికింది. "దీని మీద వెయ్యి అని ఉంది. మనదీ వెయ్యే. ఇది పదహారు వోల్టులు, మనది పది. ఎక్కువుంటే తప్పులేదు, తక్కువుండకూడదు" అంది తనలో తను చెప్పుకుంటున్నట్టు.

బెరెండ్ వేసిన అతుకులన్నీ ఒక్కొక్కటే పీకింది. "ఐరన్ మీద కరిగించి చుక్కలెయ్యకూడదు. ముందు కాలు వేడెక్కాలి. వేడెక్కిన చోటికి సీసం దానంతటదే పోతుంది." ఐరన్ కొస ఆనించి, ఒకటి, రెండు అని పెదవులతో లెక్కపెట్టి, సీసం తీగ తాకించి, తీసేసింది. చిన్న వెండి చుక్క నిగనిగలాడుతూ కూర్చుంది. తర్వాతది కూడా అంతే. ఆ చేతుల్లో తొందర లేదు, తడబాటు లేదు. టీ కప్పు ఎత్తితే కొంచెం వణికే చేతులే అవి.

"నీకివన్నీ ఎలా తెలుసు?" అన్నాడు బెరెండ్.

"పదకొండేళ్ళు చేశాను కదా."

"రేడియో ఫ్యాక్టరీలోనా? నువ్వు ప్యాకింగ్‌లో కదూ?"

ఫెన్నా తల ఎత్తలేదు. "ప్యాకింగ్‌లో ఉన్నది నా నేస్తం అన్నెకే. బస్సులో నీ వెనక సీట్లో కూచుని దిగేదాకా వాగుతూ ఉండేది, ఆవిడ."

"అయిపోయావు బావా" అన్నాడు వుబ్బో. "పెళ్ళైన నలభై నాలుగేళ్ళకి దొరికిపోయావు."

ఆ రోజుల్లో ఫ్యాక్టరీ పనివాళ్ళని తెచ్చి దింపే బస్సు బెరెండే నడిపేవాడు. ఫెన్నాని చూసిందీ, మెల్లగా మాట కలిపిందీ ఆ బస్సులోనే. రేడియోల పని అని ఆమె చెబితే డబ్బాల్లో సర్దడమని తనే అనుకున్నాడు, ఆ అనుకున్నది అలాగే ఉండిపోయింది.

"ఒక్కసారైనా చెప్పలేదే నాకు?"

"అడిగితేగా. 'ఇవాళెలా గడిచింది' అనేవాడివి. 'బానే' అనేలోపల రెండో గేరు పడటం లేదని మొదలెట్టేవాడివి."

అప్పుడే సీసం తీగ లోపలి పైన్ చెట్టు బంక కరిగి, సన్నటి పొగ ఒకటి లేచి అతని మొహం మీదుగా పోయింది. ఆ వాసన అతనికి తెలుసు. సాయంత్రం అయిదుంపావుకి బస్సు తలుపు తెరుచుకునేది, చలిగాలితో పాటు ఆమె ఎక్కేది, ఆమెతో పాటు ఈ వాసన. అది ఆమె రుద్దుకునే సబ్బేదో అనుకున్నాడు. ఆ సబ్బు కోసం దుకాణాలన్నీ తిరిగి, చివరికి పైన్ నూనె సబ్బులు ఆరు కొని పుట్టినరోజుకి ఇచ్చాడు. పెట్టె తెరిచి ఆమె కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఎందుకు నవ్విందో చెప్పలేదు. ఆరు సబ్బులూ వాడింది.

"ఫెన్నా, ఆ సబ్బులు…"

"ఇప్పటికి తెలిసిందా?" అంది ఆమె, నవ్వు ఆపుకుంటూ. "ఒళ్ళంతా దురద పుట్టేది బెరెండ్, ఆ సబ్బుతో."

ఏం సబ్బులని వుబ్బో అడిగాడు. ఇద్దరూ చెప్పలేదు.

రెండుంపావుకి ప్లగ్గు పెట్టారు. ఈసారి వుబ్బో ముందుజాగ్రత్తగా సోఫా వెనకే నిలబడ్డాడు. ఎర్ర దీపం వెలిగింది, లోపల టక్కుమంది, ఆ వెంటనే తెల్లటి మంచు తెర మీద పరుచుకుంది. నారింజ రంగు టోపీలు, బాకాలు, నడుం వంచి చేతులు వీపున కట్టుకుని జారిపోతున్న మనిషి. వుబ్బో అక్కని వాటేసుకుని, ఆమె జుట్టు చెదరగొట్టి, ఆమె చేత ఓ తన్ను తిని సోఫాలో పడ్డాడు.

ఆఖరి జంట పరుగులో ఇంకా ఎనిమిది చుట్లు ఉండగా వుబ్బో ఉండబట్టలేక సిగరెట్ కోసం పెరట్లోకి వెళ్ళాడు. బెరెండ్ తెర వైపే మొహం పెట్టుకుని అడిగాడు:

"బాగా చేసేదానివా అక్కడ?"

"చెడ్డగా చేసేదాన్ని కాదు. దేశానికి ఆ చివర, దక్షిణాన ఉన్న పెద్ద ఫ్యాక్టరీకి రమ్మన్నారు. కొత్త ఆడపిల్లలకి ఈ పని నేర్పడానికి. రెండేళ్ళు."

"ఎప్పుడు?"

"మన పెళ్ళికి ముందు చలికాలం."

"అదైనా చెప్పాల్సింది కదే, ఫెన్నా."

"చెబితే వెళ్ళమనేవాడివి." ఆమె సూప్ గిన్నె ఒళ్ళో తిప్పుకుంది. "వెళ్ళమంటే వెళ్ళేదాన్ని."

తెర మీద ఆఖరి చుట్టు గంట మోగింది, జనం అరుస్తున్నారు. ఎవరు ముందున్నారో బెరెండ్ చూడలేదు.

"బాధగా ఉందా?"

ఆమె గిన్నె పక్కన పెట్టింది. "పొద్దున నువ్వు సీసం చుక్కలేస్తుంటే కొంచెం అనిపించింది. ఒక్క పిల్లకైనా నేర్పలేదే అని." అతని కాలిన వేలు పట్టుకుని తిప్పి చూసింది. "దీనికి వెన్న రాశావా? మొద్దు. చన్నీళ్ళ కింద పెట్టాలి."

"ఎవరు గెలిచారు?" అంటూ వుబ్బో తలుపు తోసుకుని వచ్చాడు. ఇద్దరికీ తెలియదు. ఇరవై ఏళ్ళలో మొదటిసారి బావ మీద అతనికి నిజంగా కోపం వచ్చింది.

సోమవారం, కెపాసిటర్లు కొన్న కొట్టుకే పోదామని బెరెండే బయలుదేరదీశాడు. ఫెన్నా వద్దంది, రెండోసారి అడిగితే కోటు వేసుకుంది. కొట్లో కౌంటరు వెనక ఉన్నతను బెరెండ్‌ని గుర్తుపట్టి, "టీవీ పనిచేసిందా అయ్యా? ఇంకేం కావాలి?" అన్నాడు.

"మంచి సోల్డరింగ్ ఐరన్."

"మీలా కొత్తగా మొదలెట్టినవాళ్ళకి ఇది చాలండీ" అని ఒకటి అతని చేతిలో పెట్టబోయాడు. బెరెండ్ చేతులు జేబుల్లోనే ఉంచుకుని పక్కకి జరిగాడు.

"నాతో కాదయ్యా, ఆవిడతో మాట్లాడు. నేను లైటు పట్టుకునేవాణ్ణి."

ఫెన్నా కళ్ళజోడు పెట్టుకుంది. మొదటి దాని కొస లావన్నది. రెండోది చేతిలో బరువన్నది. మూడోది వేడి నిలవదంది. కొత్తవాళ్ళకి చెప్పే అమ్మకం మాటలు మానేసి కౌంటరతను లోపలికెళ్ళి పై అరలోంచి ఇంకో పెట్టె దించుకొచ్చాడు. ఆమె ఐరన్ పిడి వేళ్ళ మధ్య తూచి చూస్తూ, వేడెక్కడానికి ఎంతసేపు పడుతుందో, కొసలు విడిగా దొరుకుతాయో లేదో అడగడం మొదలుపెట్టింది. బెరెండ్ గోడవార ఉన్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఇది ఇప్పట్లో తెమిలేది కాదని అతనికి అర్థమైంది.