ఎర్విన్‌కు కప్పిన శాలువా

తన ఎదురింటి తెల్లాయన రెండో ప్రపంచ యుద్ధంలో మంచు అడవుల్లో పోరాడాడని ప్రిస్సిల్లా అన్నదట. ఆమెకు ఆ సంగతి పోస్టు తెచ్చే అమ్మాయి చెప్పిందట. ఆ మాట న్యూజెర్సీలోని మా తెలుగు చర్చికి చేరేసరికి ఆయన అమెరికాను ఒంటిచేత్తో కాపాడినవాడైపోయాడు.

మా సెక్రటరీ దైవాశీర్వాదానికి ఎవరో ఒకరికి శాలువా కప్పకపోతే క్రిస్మస్ జరిగినట్టుండదు. ఆ ఏడు ఈ పెద్దాయన దొరికాడు. పేరు ఎర్విన్, వయసు తొంభై ఏడు. భార్య లేదు, పిల్లల్లేరు. పిలవడానికి వెళ్తే ఆయన ఒక్కటే అడిగాడు.

"మా అన్న కార్ల్ ఆ మంచులోనే పోయాడు. మీ ప్రార్థనలో అతని పేరు చెబుతారా?"

క్రిస్మస్ భోజనాలకు ముందు, పోయినవాళ్లను పేరుపేరునా తలుచుకోవడం మా చర్చిలో ఆనవాయితీ.

"తప్పకుండా అంకుల్, ఫస్ట్ ఆ పేరే," అన్నాడు దైవాశీర్వాదం.

ఆయన ఇంగ్లీషులో వేరే యాస ఉందని ఎవరికీ తట్టలేదు. మన యాస దాచుకోవడంతోనే మనకు సరిపోతుంది.

క్రిస్మస్ భోజనాలు పెట్టుకున్న ఆదివారం ఎర్విన్ పాత సూటు తొడుక్కుని వచ్చాడు. చప్పట్ల మధ్య శాలువా కప్పి, మైకిచ్చి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఆయన తన ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పాడు.

"నలభై నాలుగు డిసెంబరు. యుద్ధం చేజారిందని మాకప్పటికే తెలుసు. అయినా ఆఖరిసారి బెల్జియం అడవుల్లోకి తోశారు. పెట్రోలు లేదు, శత్రువు దగ్గర లాక్కుని ముందుకు పొమ్మన్నారు. మాకు దొరకలేదు. ట్యాంకులు దారిలో వదిలేసి వెనక్కి నడిచాం. కార్ల్ కాళ్లు మంచుకు చచ్చుబడ్డాయి. ఓ చెట్టు మొదట్లో కూర్చుని, నువ్వు నడువు అన్నాడు. నేను నడిచాను."

"స్తోత్రం," అన్నారు వెనకెవరో, అలవాటు కొద్దీ.

యుద్ధాల వీడియోలు తెగ చూసే సాత్విక్ లేచాడు. "అంకుల్, పెట్రోల్ అయిపోయింది జర్మన్స్‌కి కదా?"

"అవును. మాకే."

కాసేపటికి గుసగుసలు మొదలయ్యాయి. దైవాశీర్వాదం భార్య విమలకుమారి మొగుణ్ణి మోచేత్తో పొడిచింది. "ఎవరికి కప్పుతున్నారో కనుక్కోవద్దూ? పెళ్లి సంబంధానికైనా నాలుగిళ్లలో వాకబు చేస్తారు."

"ప్రిస్సిల్లా చెప్పింది కదే," అన్నాడు దైవాశీర్వాదం.

"యుద్ధం చేశాడన్నాను గానీ మనవైపు అన్నానా అన్నయ్యా?" అంది ముందు వరసలోంచి ప్రిస్సిల్లా.

పాస్టరు అయ్యగారు ఎవరి మొహమూ చూడకుండా ప్రార్థన మొదలుపెట్టారు. గుంటూరులో పోయినవాళ్లు, తెనాలిలో పోయినవాళ్లు, మొన్న ఇక్కడే హాస్పిటల్‌లో పోయిన మరియమ్మగారు. ఎర్విన్ చెవి మిషను సర్దుకుని ముందుకు వంగాడు. తెలుగు రాకపోయినా పేర్లు తెలుస్తాయి. కార్ల్ పేరు రాలేదు. ఆమెన్ అన్నారు. జనం పళ్లేల కోసం లేచారు. ఇంకా పేర్లున్నాయేమోనని ఆయన వంగినవాడు వంగినట్టే ఉన్నాడు.

భోజనాలయ్యాక అయ్యగారూ విమలకుమారీ వాకిట్లో నిలబడ్డారు. దైవాశీర్వాదం పెద్దాయన్ని కారెక్కించి, బిర్యానీ డబ్బా ఒళ్లో పెట్టాడు.

"టైమ్ సరిపోలేదు అంకుల్. మీ బ్రదర్ కోసం మా ఇంట్లో ప్రేయర్ చేసుకుంటాం లెండి."

"ఇంట్లో నేనూ చేసుకుంటాను," అన్నాడు ఎర్విన్. "నలుగురిలో ఆ పేరు వినాలనే వచ్చాను."