అరవై మీదే పెట్టానన్నాడు

నేను ఒక మోటారును. రిమోటుతో నడిపే పందెం కారులో కూర్చుంటాను. అరచేతిలో ఇమిడిపోతాను. నాలో రాగి తీగ చుట్లు తక్కువ, అందుకే తిరుగుడు ఎక్కువ. నన్ను చేసినవాళ్ళు ఆ వేగాన్ని పట్టుకోగల వేలిని మాత్రం చేసి పెట్టలేదు.

నా మొదటి యజమాని హైదరాబాదులో పళ్ళ డాక్టరు. మొదటి వారం కారును గోడకు కొట్టి ముక్కు నుజ్జు చేశాడు. రెండో వారం ఇరుసు విరిచాడు. మూడో వారం బ్యాటరీ పేలి కారంతా కాలింది, నేనొక్కణ్ణే మిగిలాను. "దయ్యం పట్టిన మోటారు" అంటూ నన్ను అమ్మేశాడు. పళ్ళు పీకేటప్పుడు ఆ చెయ్యి వణికేది కాదట.

నన్ను కొన్నది గాజువాక ఫిట్టరు ఈశ్వర్రావు. పూజ చెయ్యనిదే మంచినీళ్ళు ముట్టడు. అతన్ని మూడుసార్లు పందెంలో ఓడించింది సొంత బావమరిది గౌరునాయుడు. వాడి కారులో ఉన్నది మామూలు మోటారే, కానీ మలుపులో వాడి వేలు తొణకదు. ఈసారి గెలిచినవాడే హైదరాబాదు పెద్ద పందేనికి వెళ్తాడు. ఈశ్వర్రావుకు నిద్రలో కూడా అదే ధ్యాస.

సాధనలో మొదటి రోజే నేను అతని కారును గాల్లోకి లేపి బోర్లా కొట్టాను. చక్రం ఊడి ఎగిరిపోయింది.

"బావా, దీని జోరుకి నీ ఏలు సాలదు. అరవై మీద ఎట్టుకో" అన్నాడు గౌరునాయుడు.

"ఏటిరా, ఓడిపోతానని బయమేటి?"

"నీ కారు ముక్కలేరలేక సెప్తన్నాను!"

నా జోరులో నూటికి ఎంత బయటికి రావాలో తేల్చే చిన్న చక్రం రిమోటు మీద ఉంది; ఈశ్వర్రావు విసుక్కుంటూనే దాన్ని అరవైకి తిప్పాడు. పదిహేను రోజుల్లో మలుపులు అతని వేలికి వచ్చాయి. మేమిద్దరం ఒకటయ్యాం.

పందెం రోజు అతని భార్య నూకరత్నం నాకు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచింది. కారు తేలిక. చక్రాలు గిర్రున తిరిగాయే తప్ప కాయలు నలగలేదు.

"ఇదేం బండయ్యా! నిమ్మకాయ నలగకుండా ఎల్తే మంచిది కాదు. గట్టిగా నొక్కు!"

అతను రిమోటు మీది చక్రాన్ని నూటికి తిప్పి మీట నొక్కాడు. కాయలు చితికి రసం చిమ్మింది. ఆమె కళ్ళకద్దుకుంది, అతను దండం పెట్టాడు. ఇంతలో పేర్లు పిలిచారు. మళ్ళీ అరవైకి తిప్పడం ఇద్దరికీ గుర్తు లేదు.

జెండా ఊపగానే దూసుకుపోయాను. మొదటి మలుపులోనే గౌరునాయుడి కారును పక్కకు గుద్ది తిరగేశాను. ఈశ్వర్రావు కేక పెట్టాడు. రెండో మలుపులో అతని వేలు పదిహేను రోజుల అలవాటు ప్రకారమే నొక్కింది. నేను మాత్రం నూటి ప్రకారం లేచాను. చెక్క అడ్డు దాటి నూకరత్నం మోకాలి కింద ఎముకను కొట్టాను. చప్పుడు నాకు వినపడింది. ఆమె కూలబడింది. చీర కుచ్చిళ్ళు నెత్తురుతో తడిశాయి.

గౌరునాయుడు తన రిమోటు పారేసి అక్క దగ్గరకు పరిగెత్తాడు. అనకాపల్లి ఆయనెవరో గెలిచాడు.

"ఎంత మీద ఎట్టావు బావా?"

ఈశ్వర్రావు బొటనవేలు రిమోటు మీది చిన్న చక్రాన్ని మెల్లగా వెనక్కి తిప్పింది. "అరవై మీదే! సూసుకో. మోటారుకే పిచ్చెక్కింది."

అని నన్ను ఊడబెరికి రాయితో కొట్టాడు. ఒకసారి కాదు, నా ఇరుసు వంగి అయస్కాంతం పగిలేదాకా. అందరూ చూస్తూ నిలబడ్డారు, న్యాయమేనన్నట్టు.

ఇప్పుడు వాళ్ళ దేవుడి గది పక్కన మేకుల డబ్బాలో ఉన్నాను. నూకరత్నం కుంటుతూ వచ్చి దీపం వెలిగిస్తుంది. అతను ఎదురుగా కూర్చుని, తెలిసీ తెలియక చేసిన తప్పులు క్షమించమని దేవుణ్ణి రోజూ వేడుకుంటాడు. 'తెలిసీ' అన్న మొదటి మాట దగ్గర అతని గొంతు కాస్త తగ్గుతుంది. దేవుడికి వినపడుతుందో లేదో గాని, నాకు వినపడుతుంది.