సుద్దముక్కతో గీసిన గోదావరి

మొదట్లో సుందర్ రావు సార్ చేతిలో ఉన్న సరుకు ఇంతే: ఒక నీలం సుద్దముక్క, వణకని చెయ్యి, వెనక బెంచీ దాకా వినపడే గొంతు. ఈ పెట్టుబడితోనే హనుమకొండలోని ఒక మిషన్ స్కూల్లో ముప్ఫై ఏళ్లుగా సోషల్ చెప్పుకొస్తున్నాడు. ఆయన తండ్రి ఎనుమాముల మార్కెట్లో మిర్చి వ్యాపారి. కొడుకు బడి పంతులైనా, ఏ పనిలోనైనా ఎంత పెట్టాం, ఎంత మిగిలింది అని చూసుకునే ఇంటి అలవాటు మాత్రం పోలేదు.

పదో తరగతిలో ఆయనకు బాగా గిట్టుబాటయ్యే పాఠం గోదావరి. బోర్డు మీద సముద్ర తీరం ఒక్క గీత గీసి ఆగేవాడు. "నది యాడికెల్లి రావాలె?" అని అడిగేవాడు. పిల్లలు చెప్పాకే సుద్దముక్క కదిలేది. ఆ నదిని వాళ్లే అడుగడుగునా నడిపించి సముద్రంలో కలిపినట్టుండేది. బస్సులో కలిసే పాత విద్యార్థులు ఆయన పేరు మరిచి, "గోదావరి సార్, బాగున్నరా" అంటూ లేచి సీటిచ్చేవాళ్లు.

ఈ ఏడు బడికి ల్యాప్‌టాప్‌లు వచ్చాయి. క్లాసు గోడలకు తెరలు వచ్చాయి. హెడ్మిస్ట్రెస్ ఏసమ్మ స్టాఫ్‌రూములో సంగతి తేల్చి చెప్పింది.

"శుక్రవారం మేనేజ్‌మెంట్ కెల్లి ప్రవీణ్ సార్ వచ్చి క్లాసులు చూస్తడట. తెర మీద చెప్పరానోళ్లకు టెన్త్ ఇయ్యరు. జర నేర్చుకో సుందర్ రావు. లేకుంటే నిన్ను లైబ్రరీల కూసోబెడ్తరు."

"లైబ్రరీల పుస్తకాలున్నయా?"

"బీరువా ఉన్నది. తాళంచెవి నీకే ఇస్తరు తియ్యి."

ఆయన నవ్వాడు గానీ, టెన్త్ పోతే తన దగ్గర ఏం మిగులుతుందో లోపల లెక్క వేసుకున్నాడు. ఏమీ మిగల్లేదు.

టీచర్లకు నేర్పే పని కంప్యూటర్ టీచర్ మెహ్జబీన్‌ది. ఒకప్పుడు ఆయన క్లాసులోనే చదువుకున్న పిల్ల. ల్యాప్‌టాప్ తెరవడం, బాణం మీట నొక్కడం ఓపిగ్గా నేర్పి, నెట్‌లో దొరికిన రంగురంగుల స్లైడ్లు పెట్టి ఇచ్చింది. బుధవారం టెన్త్‌లో నడిపి చూశారు.

తెర మీద దేశంలోని నదులన్నీ ఒక్కసారే మెరిశాయి. పిల్లల తలలన్నీ ఒక్కసారే నోట్సుల్లోకి వంగాయి. బోర్డు మీద ఏది కనపడినా రాసుకోవలసిందేనన్నది ఆ బడి అలవాటు. ఆ అలవాటు చేసింది ఆయనలాంటి పంతుళ్లే. ఆయన చెబుతూ పోయాడు, ఒక్కరూ తలెత్తలేదు. మీట నొక్కబోతే, "సార్, జర ఆగుండ్రి, మేమింక కృష్ణ కాడనే ఉన్నం" అన్నారు. బెల్లు కొట్టేసరికి పాఠం రెండో స్లైడు దాటలేదు.

బడి వదిలాక ఆయన ఆ క్లాసులోనే ఉండిపోయాడు. కాసేపటికి లేచి బోర్డు మీద తీరం గీత గీశాడు. అలవాటుగా ఆగి, ఖాళీ బెంచీల వైపు తిరిగాడు. ల్యాప్‌టాప్ తీసుకుపోవడానికి వచ్చిన మెహ్జబీన్ గుమ్మంలో నిలబడి ఉంది.

"నీ ఫోన్‌తోని దీన్ని ఫోటో తియ్యి బిడ్డా."

"గీ ఒక్క గీతనా సార్?"

"గీ ఒక్క గీతనే. ఇంకో గీత గీస్త, మళ్ల తియ్యి."

"నెట్‌ల ఇంత మంచి మ్యాపులుండంగ..."

"అవి గీసినోడు మన పిల్లలను చూసిండా?"

ఆమె గీత గీతకూ ఫోటో తీసింది. ప్రాణహిత దగ్గరికి వచ్చేసరికి తనే అంది, "గీడనే నన్ను లేపి అడిగిండ్రు సార్ అప్పుడు. చెప్పరాలే."

"ఇప్పుడు చెప్పు."

"కాళేశ్వరం కాడ కలుస్తది."

"గింత లేటా?" అంటూ ఆయన రెండు గీతలూ కలిపాడు.

శుక్రవారం ప్రవీణ్ సార్ వెనక బెంచీలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. తెర మీద మొదటి ఫోటో, ఒక్క తీరం గీత. పిల్లలు దాన్ని చిటికెలో గీసేసి, రాసుకునేందుకు ఇంకేమీ లేక తలలెత్తారు.

"నది యాడికెల్లి రావాలె?"

నాసిక్ అని నాలుగు గొంతులు పలికాయి. ఆయన మీట నొక్కాడు. కంగారులో వేలు రెండుసార్లు పడింది. గోదావరితో పాటు మంజీర కూడా వచ్చేసింది.

"అడగకముందే మంజీర కలిసిపాయె సార్" అన్నాడు ముందు బెంచీ పిల్లాడు. క్లాసంతా నవ్వింది. ప్రవీణ్ సార్ ముందుకు వంగి చూశాడు.

సుందర్ రావు మీటల మీదికి వంగాడు. వెతుక్కుని వెనక్కి తిప్పే బాణం నొక్కాడు. మంజీర మాయమైంది. బోర్డు మీదైతే తడిగుడ్డతో తుడవాలి, తుడిచిన చోట మరక ఉండిపోతుంది. తెర మీద మరక లేదు.

"తొందరపడ్డది, ఎనకకు పంపిన. ఇప్పుడు మీరు పిలవుండ్రి. యాడ కలుస్తది?"

"కందకుర్తి కాడ సార్."

బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదు. గోదావరి ఇంకా సముద్రంలో కలవలేదు మరి. కలిశాక ప్రవీణ్ సార్ లేచి వచ్చి, "ఆ ఫోటోలు మా ఇంకో బ్రాంచికి కూడ పంపుతరా సార్?" అని అడిగాడు. గుమ్మంలో ఉన్న ఏసమ్మ, "బీరువా తాళంచెవి నా కాడనే ఉంచుకుంట తియ్యి" అంది.

ఇంటికి పోతూ ఆయన బస్సులో లెక్క చూసుకున్నాడు. బోర్డు మీద సుద్దముక్క చేసే చప్పుడు పోయింది. అటు తిరిగి గీస్తూనే వెనక అల్లరి ఎవరిదో పసిగట్టే విద్య పోయింది. అవి తిరిగి రావు. టెన్త్ క్లాసు దక్కింది. తప్పు పడితే వెనక్కి తిప్పే బాణం దక్కింది. ఇన్నేళ్లుగా ఏటా గీసిన గోదావరిని బెల్లు కాగానే తన చేత్తోనే తుడిచేస్తూ వచ్చాడు. వాటిలో ఒక్కటీ లేదు. ఈ ఏటి గోదావరి మిగిలింది.