వార్డులో అత్తయ్య

ఈ కథలో ఆవిడను ఏమని పిలవాలన్నదే మొదటి చిక్కు. అత్తగారు అందామంటే ఆవిడకు ఒళ్లు మండుతుంది. కథంతా ఆ మంట గురించే. కనుక ఆవిడ కోరుకున్నట్టే సిస్టర్ అందాం. అడిగినవాళ్లను అడిగినట్టు పిలిస్తే మన సొమ్మేం పోయింది?

సిస్టర్ ఎముకల వార్డులో అసిస్టెంట్ నర్సు. ఆ ఆస్పత్రిలో ఎవరెంతటివారో నడుము చూస్తే తెలిసిపోతుంది. వార్డు ఇన్‌ఛార్జికి ఎర్ర బెల్టు. డిగ్రీ చదివిన స్టాఫ్ నర్సులకు నీలం బెల్టు. అసిస్టెంట్లకు అసలు బెల్టే లేదు. డాక్టరు రౌండుకు వచ్చినా, ఒక డ్యూటీవాళ్లు ఇంకో డ్యూటీవాళ్లకు రోగుల్ని అప్పగించినా, బెల్టులన్నీ మంచం చుట్టూ నిలబడతాయి, బెల్టు లేనివాళ్లు దుప్పట్ల బీరువా దగ్గర నిలబడతారు. రోగికి ఒళ్లు తుడిచింది, అన్నం తినిపించింది, రాత్రంతా మూలుగు విన్నది అసిస్టెంటే అయినా సరే, ఆ కబురు నీలం బెల్టు నోటి నుంచే రావాలి. అడిగితే తప్ప బీరువా దగ్గర్నుంచి మాట రాకూడదు. అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

సిస్టర్ అన్న పిలుపు కూడా ఒకప్పుడు బెల్టుల సొంతమే. ఆవిడ చేరిన కొత్తల్లో రోగులు "ఏమ్మా" అనేవారు, "ఇదిగో" అనేవారు, మరీ తొందరైతే చప్పట్లు కొట్టేవారు. ఆవిడ చూసి చూసి ఒక ఉపాయం కనిపెట్టింది. ఎవర్ని ఏమనాలో వార్డులో రోగికి ఎవరూ నేర్పరు. చెవిన ఏది పడితే అదే పట్టుకుంటాడు. అందుకని పనిగట్టుకుని, గొంతెత్తి, తోటి అసిస్టెంట్లను "సిస్టర్, ఆ దూది ఇలా అందుకోండి" అనడం మొదలుపెట్టింది. వాళ్లు మొదట కిసుక్కున నవ్వారు. తర్వాత వాళ్లూ అన్నారు. మెల్లగా రోగులూ అన్నారు. స్టాఫ్ నర్సులు అనలేదు గానీ, వింటూ మూతి విరవడం మాత్రం మానేశారు. ఏళ్లు పట్టిన పని అది. ఒక్క పూటలో మట్టికొట్టుకుపోయింది.

పోగొట్టినది పరాయివాళ్లు కాదు, సొంత కోడలు.

కోడలు డిగ్రీ నర్సు. వేరే వార్డులో నీలం బెల్టుతో పనిచేస్తుండగా ప్రమోషన్ వచ్చింది. ఎర్ర బెల్టు కట్టుకుని ఎముకల వార్డుకే ఇన్‌ఛార్జిగా వచ్చింది. ఆ కబురు తెలిసిన రోజు సిస్టర్ కాలు ఇంట్లో నిలవలేదు. పక్కింటివాళ్లకు, ఎదురింటివాళ్లకు, ఇస్త్రీ బండి అతనికి కూడా చెప్పింది. కోడలు వార్డులో అడుగుపెట్టిన పొద్దున, హాలు ఆ చివర నుంచి ఎంతో మర్యాదగా పిలిచింది.

"అత్తయ్యా, కిటికీ పక్క పేషెంటుకి దిండు కాస్త సరిచేస్తారా?"

ఇందులో కోడలి తప్పేముంది? పెళ్లయినప్పటి నుంచి ఆ నోట ఇంకో పిలుపు రాలేదు. ఆమె ఎరిగినంతలో అంతకు మించిన గౌరవం లేదు. కానీ కిటికీ పక్కన ఉన్నది ఎవరనుకున్నారు? ఒకప్పుడు బ్యాండులో డ్రమ్ము వాయించిన పెద్దాయన. డ్రమ్ము తాతగారంటే వార్డంతటికీ తెలుసు. తుంటికి ఆపరేషన్ అయింది గానీ గొంతుకు ఏమీ కాలేదు.

"అత్తయ్యా, మంచినీళ్లు" అన్నాడాయన ఆ మధ్యాహ్నం. సాయంత్రానికి వార్డు వార్డంతా అత్తయ్యా అనే పాట అందుకుంది. సిస్టర్‌కు తల కొట్టేసినట్టయింది. ఆయన ఆవిడకంటే ఎన్నో ఏళ్లు పెద్ద, నోట్లో పళ్లు కూడా ఆయనవి కావు, ఆయనకు ఈవిడ అత్తయ్యా? పైగా స్టాఫ్ నర్సుల్లో అందరికంటే సీనియర్ ఒకావిడ ఉంది, కళ్లజోడు ముక్కు చివరకు దించి పైనుంచి చూసే మనిషి. ఆ కళ్లజోడు సిస్టర్ కూడా "అత్తయ్యగారికి చెప్పండమ్మా, బెడ్‌పాన్ తెస్తారు" అని తియ్యగా సాగదీసింది.

ఆ సాయంత్రం ఇంట్లో గిన్నెలకు మూడింది. సిస్టర్ ఒక్కో గిన్నె తోమి బోర్లిస్తుంటే గోడ అవతలివాళ్లు తొంగిచూశారు. టైలరింగు చేసే భర్త మిషను ఆపి, "ఎవరి మీద కోపమో చెప్తే వాళ్లనే తోముకోవచ్చు కదా" అన్నాడు.

"వార్డులో నన్ను అత్తయ్యా అనకు" అంది సిస్టర్, కోడలి వైపు తిరగకుండానే. "సిస్టర్ అను."

కోడలు తెల్లబోయింది. "మిమ్మల్నా? నేనా? పేరు పెట్టి పిలిచినంత పాపం అత్తయ్యా. మా అమ్మ వింటే నన్ను గుమ్మం తొక్కనివ్వదు. పైగా స్టాఫ్ నర్సులు ఇప్పటికే గుసగుసలాడుతున్నారు, మీకు తేలిక పని ఇస్తున్నానని. నేను మిమ్మల్ని సిస్టర్ అంటే ఇంకేమంటారో."

"తేలిక పని నేనడిగానా? పిలుపు అడిగాను."

"ప్రయత్నిస్తాను" అంది కోడలు, గొంతులో వెలక్కాయ పడ్డట్టు.

మర్నాడు ప్రయత్నించింది పాపం. అత్తయ్యా అనకూడదు, సిస్టర్ అనడానికి నోరు తిరగదు. బ్యాండేజీ ట్రే పట్టుకుని కుడితిలో పడ్డ ఎలుకలా కాసేపు తటపటాయించి, చివరికి వార్డు మధ్య నిలబడి, "ఏమండీ" అని పిలిచింది.

అంతే. కాలు పైకి కట్టించుకుని పడుకున్నవాళ్లు కూడా నవ్వారు. నవ్వితే నొప్పి, నొప్పెడితే మూలుగు, మూలిగి మళ్లీ నవ్వు. "మా ఆవిడ ఇలాగే పిలిచేదమ్మా నన్ను" అన్నాడు డ్రమ్ము తాతగారు కళ్లు తుడుచుకుంటూ. సిస్టర్ మొహం గంటుపెట్టుకుని ట్రే అందుకుంది. ఇంతకంటే అత్తయ్యే నయం అనిపించింది, అలా అనిపించినందుకు ఇంకా కోపమొచ్చింది.

సర్జన్ రౌండుకు వచ్చింది ఆ తర్వాత రోజు. మంచివాడే గానీ ఎప్పుడూ కాళ్ల కింద నిప్పులు పోసినట్టు తిరుగుతాడు. బెల్టులు చుట్టూ మూగాయి. అసిస్టెంట్లు బీరువా దగ్గర సర్దుకున్నారు. సర్జన్ డ్రమ్ము తాతగారి మంచం దగ్గర ఆగి, "ఈయన్ను ఇవాళ లేపి నడిపించండి. రేపు ఇంటికి" అన్నాడు.

"సార్, ఇవాళ వద్దండి. పిక్క వాచినట్టుంది, ఒకసారి..." అని కోడలు అందుకుంది.

"నువ్వుండమ్మాయ్" అన్నాడు సర్జన్ చార్టులోంచి తలెత్తకుండా. తర్వాత కళ్లజోడు సిస్టర్ వైపు తిరిగి, "మీరు చెప్పండి సిస్టర్" అన్నాడు.

కోడలు మొహం ఎర్ర బెల్టుతో పోటీపడింది. ఇన్‌ఛార్జి అయినది ఆమె, వార్డు ఆమెది, మాట మాత్రం ఆమెది కాకుండా పోయింది. కళ్లజోడు సిస్టర్ జోడు పైకి తోసుకుంది.

బీరువా దగ్గర సిస్టర్‌కు ముందు చెడ్డ కోపమొచ్చింది. ఎర్ర బెల్టు కట్టుకున్న పిల్లను పట్టుకుని అమ్మాయ్ అంటాడా, ఎవరు నేర్పారు ఈ పెద్దమనిషికి? అనుకున్న మరుక్షణం నాలుక కరుచుకుంది. ఇంకెవరు నేర్పారు? తనే. పొద్దున ఆయన గుమ్మంలో ఉండగానే "అమ్మాయ్, సర్జన్ గారొచ్చారు" అని కేకేసింది తనే. వచ్చిన రోజు నుంచీ "అమ్మాయ్, ఇటు చూడు" "అమ్మాయ్, తాళాలు" అంటున్నది తనే. ఇంట్లో ముద్దుగా అనే మాట కదా అని వార్డులో కూడా అనేసింది. స్టాఫ్ నర్సులు విన్నారు, సర్జన్ విన్నాడు, అందరూ నేర్చుకున్నారు. తన పిలుపు పోయిందని గిన్నెల మీద పడింది గానీ, కోడలి పిలుపు తను పోగొడుతున్నానని తట్టలేదు. సిగ్గేసింది. నిజంగానే సిగ్గేసింది.

ఆవిడ బీరువా వదిలి నాలుగడుగులు ముందుకేసింది. చూసినవాళ్లు ఏ కిటికీ తలుపో వెయ్యడానికి అనుకున్నారు.

"డాక్టర్ గారూ" అంది. "ఈ వార్డు ఇన్‌ఛార్జి సిస్టర్ ఆవిడండీ. ఆవిడ చెప్తున్నారు."

సర్జన్ తలెత్తి మొదటిసారి కోడలి నడుముకున్న బెల్టు చూశాడు. "సారీ సిస్టర్, మీరు చెప్పండి" అన్నాడు.

"అసిస్టెంట్లు రౌండులో ఎప్పటి నుంచి మాట్లాడుతున్నారమ్మా?" అంది కళ్లజోడు సిస్టర్, కోడలికి మాత్రమే వినబడేలా అనుకుంటూ అందరికీ వినబడేలా.

కోడలు బీరువా వదిలి వచ్చిన సిస్టర్ వైపు చూసింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయో లేదో గానీ గొంతు మాత్రం గట్టిగానే వచ్చింది. "ఇవాళ్టి నుంచి. సార్, పొద్దున ఒళ్లు తుడుస్తూ సిస్టర్ చూశారు. సిస్టర్, మీరే చెప్పండి."

ఎన్నేళ్లుగానో కోరుకున్నది తీరా వచ్చేసరికి సిస్టర్ ఏం చెప్పాలో మొత్తం మరిచిపోయి డ్రమ్ము తాతగారి మొహంలోకి చూసింది. ఆయన కళ్లతోనే వద్దు వద్దని బతిమాలుతున్నాడు. దాంతో గుర్తొచ్చింది.

"పిక్క ముట్టుకుంటే పళ్లు బిగిస్తున్నారండీ. ఏమైందంటే ఏమీ లేదంటారు. నొప్పని చెప్తే ఇంటికి పంపరని భయం."

"నా గుట్టంతా బయటపెట్టావు కదా అత్తయ్యా" అన్నాడు డ్రమ్ము తాతగారు.

"సిస్టర్ అనండి" అంది కోడలు. నోరు ఎంత బాగా తిరిగిందో.

సర్జన్ వంగి పిక్క నొక్కి చూశాడు. డ్రమ్ము తాతగారు ఈసారి దాచలేకపోయాడు. నడిపించొద్దని, రక్తం గడ్డకట్టిందేమో వెంటనే స్కాను తీయించమని సర్జన్ చెప్పి, "థాంక్స్ సిస్టర్" అన్నాడు. ఎవరిని అన్నాడో తేలక కోడలు, సిస్టర్ ఇద్దరూ తలూపారు. మధ్యలో కళ్లజోడు సిస్టర్ కూడా ఊపింది.

మధ్యాహ్నం డ్యూటీ అప్పగింతకు కోడలు బీరువా దగ్గరున్నవాళ్లందరినీ మంచాల చుట్టూ పిలిచింది. ఎవరి రోగి సంగతి వాళ్లే చెప్పాలంది. అసిస్టెంట్లు సంతలో తప్పిపోయిన పిల్లల్లా ఒకరి వెనక ఒకరు నక్కారు. కళ్లజోడు సిస్టర్ కదల్లేదు. కాసేపటికి విసుక్కుంటూ, "ఎంతసేపలా వెనక నిలబడతారు, రండి" అని ఒక్క అడుగు పక్కకు జరిగింది. ఆ అడుగులో సిస్టర్ నిలబడింది. ఆ పూట ఆవిడకు కాళ్లు నేలమీద లేవు.

ఆ ఊపులోనే వార్డు చివర్న నీళ్లు ఒలికి ఉండటం చూసి, తడిగుడ్డ కర్రతో వస్తున్న ఆయాను కేకేసింది. "ఏయ్, ఇలా రా, ఇక్కడ తుడువు. ఎవరైనా జారిపడితే ఇంకో కాలు విరుగుతుంది."

"సిస్టర్" అన్నాడు డ్రమ్ము తాతగారు మంచంలోంచి, ఈసారి జాగ్రత్తగా. "నాకో సందేహం. ఆవిడను మేమేమని పిలవాలో చెప్పండి. పొద్దుట్నుంచి ఏదో ఒకటి అని తిట్లు తింటున్నాను. మీరేమంటే అదే అనేస్తాం."

అన్ని మంచాల మీద నుంచీ తలలు ఇటు తిరిగాయి. బల్ల దగ్గర కోడలు కలం పట్టుకుని ఇటే చూస్తోంది.

"నిన్ను ఏమని పిలవమంటావ్?" అని అడిగింది సిస్టర్ ఆయానే.

ఆయా కర్ర మీద గడ్డం ఆనించి తీరిగ్గా ఆలోచించింది. తననెవరూ ఇలా అడగలేదని మొహమే చెప్తోంది.

"సిస్టర్లూ గిస్టర్లూ నాకెందుకండీ" అంది. "నువ్వు అనకుండా మీరు అంటే చాలు."

సిస్టర్ గొంతు సవరించుకుంది. ఏళ్ల తరబడి నువ్వు అన్న మనిషిని మీరు అనడం సర్జన్‌తో మాట్లాడినదానికంటే కష్టంగా ఉంది. కోడలికి అత్తయ్యను సిస్టర్ అనడం ఎంత కష్టమైందో ఇప్పుడు తెలిసింది.

"మీరు... ఇక్కడ కాస్త తుడుస్తారా?" అంది.

"ఆగండి, వస్తున్నా" అంది ఆయా. ఏమాత్రం తొందరపడకుండా వచ్చింది.